ఇంటికెళ్తే మొరాయించే కారు

స్టార్టు కాని కారును ఎవరైనా తోసుకుంటూ తెస్తే వైర్ల బాబాయ్ ముందుగా బానెట్ ఎత్తడు. ఒక స్టూలు లాగి, చెమటలు కక్కుతున్న ఆ మనిషిని కూర్చోబెట్టి, చేతికి మంచినీళ్ళిచ్చి, "కారెక్కడికీ పోదు. నిన్నట్నుంచి ఏం జరిగిందో నిదానంగా చెప్పండి," అంటాడు. తాళం తిప్పితే టక్కుమందా, గుర్రుమందా, అసలు నోరే మెదపలేదా? పొద్దున ఆగిందా, ఎండలో ఆగిందా? ముందురోజు ఎవరు నడిపారు? ఇలా అడుగుతూనే ఉంటాడు. తొందరపడేవాళ్ళకు తలప్రాణం తోకకొస్తుంది. "రోగికి మాటల్రావు కదా, అందుకని చుట్టాలనే అడగాలి," అని ఆయన నవ్వుతాడు.

ఆయనకు యాభై ఎనిమిదేళ్ళు. కార్లలో కరెంటు పని తప్ప ఇంకోటి ముట్టడు. ఇంజను విప్పమంటే పక్క షెడ్డు చూపిస్తాడు. కళ్ళజోడు కాడ విరిగితే రాగితీగతో కట్టుకుని నాలుగేళ్ళుగా దాంతోనే నెట్టుకొస్తున్నాడు. కారణం తెలియకుండా ఒక్క సామానూ మార్చడని ఆయనకు పేరు. ఆ పేరంటే ఆయనకు పైకి చెప్పుకోని గర్వం కూడా ఉంది.

అదే షెడ్డులో ఎడమవైపు సగం ఆయన భార్యది. ఆవిడ కారు సీట్లకు కవర్లు కుడుతుంది. మందపాటి సూది ఉన్న పెద్ద కుట్టుమిషను, గోడకు చుట్టలు చుట్టలుగా రెగ్జిన్, మెడలో ఎప్పుడూ వేలాడే కొలత టేపు. ఆయన్ను అందరూ బాబాయ్ అంటారు కాబట్టి ఆవిడ సీట్ల పిన్ని అయింది. ముప్పై ఏళ్ళుగా ఇద్దరూ ఒకే రేకుల కప్పు కింద ఒకరి మాట ఒకరికి వినపడనంత చప్పుడులో పనిచేసుకుంటున్నారు. అందుకేనేమో ఇద్దరికీ గొంతులు పెద్దవి, పోట్లాటలు చిన్నవి.

ఒక గురువారం పొద్దున లెక్కల మాస్టారు కారును తాడు కట్టించి లాక్కొచ్చాడు. నలభై దాటిన మనిషి, పొడగరి. కారు దిగాలంటే మడతకుర్చీ విప్పుకున్నట్టు ఒక్కొక్క కాలే బయటికి రావాలి.

"బాబాయ్, ఈ కారు నన్ను బతకనివ్వడం లేదు," అన్నాడు. "వారానికి రెండుసార్లయినా పొద్దున్నే మొండికేస్తోంది. తాళం తిప్పితే టక్కుమంటుంది, అంతే. వేరేచోట కొత్త బ్యాటరీ వేయించాను. పది రోజులు కాలేదు, మళ్ళీ మొదలు."

"కూర్చోండి మాస్టారూ. ఏయే రోజుల్లో?"

మాస్టారు జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. లెక్కల మనిషి కదా, ఆగిన ప్రతి రోజూ తారీఖుతో సహా రాసి పెట్టుకున్నాడు. బాబాయ్ కళ్ళజోడు సవరించుకుని వేలుపెట్టి చదివాడు. బుధవారం, శుక్రవారం, గురువారం, మళ్ళీ బుధవారం. ఆరు వారాల లెక్క ఉంది అందులో.

"ఆదివారం, సోమవారం ఒక్కసారి కూడా ఆగలేదే."

"అవును. యంత్రానికి వారాలేంటి అని నేనూ అనుకున్నాను."

బాబాయ్‌కి అదే మనసులో ముల్లులా గుచ్చుకుంది. రోజు గుర్తుపెట్టుకుని చెడిపోయే బండి ఆయన ఎరిగినంతలో లేదు.

బ్యాటరీని చార్జింగుకు పెట్టి, లైట్లన్నీ వేసి దానిచేత బరువు మోయించి చూశాడు. రాయిలా నిలబడింది. ఇంజను నడుస్తున్నప్పుడు చార్జింగు ఎంత వస్తుందో మీటరు పెట్టాడు. రావలసినంతా వస్తోంది. సెల్ఫ్ మోటారు బాగుంది. ఎర్త్ వైరు విప్పి, గీకి, బిగించాడు. ఇక మిగిలింది దొంగ కరెంటు. అంటే, కారు ఆగి ఉన్నప్పుడు కూడా ఏదో ఒక దీపమో రేడియోనో లోపల్లోపల బ్యాటరీని తాగేస్తుండడం. అన్ని తలుపులూ మూసి, మీటరును మధ్యలో కలిపి, గంటసేపు పక్కన కూర్చున్నాడు. ముల్లు కదలాల్సినంత కన్నా వెంట్రుక వాసి కూడా ఎక్కువ కదలలేదు.

మూడు రోజులు షెడ్డులోనే ఉంచుకున్నాడు. మూడు పొద్దులూ తాళం తిప్పీ తిప్పకముందే కారు లేచి కూర్చుంది. ఆదివారం తీసుకెళ్ళిన మాస్టారు బుధవారం మళ్ళీ తాడు కట్టించుకుని వచ్చాడు.

రెండోసారీ అంతే. మూడోసారి మాస్టారు స్టూలు మీద కూర్చోలేదు. "మీ మీద గౌరవంతో వస్తున్నాను బాబాయ్. ఇంకోసారి ఆగితే అమ్మేస్తాను," అని నడుచుకుంటూ బడికి వెళ్ళిపోయాడు. ఆ మాట బాబాయ్‌కి చెంపదెబ్బలా తగిలింది. మధ్యాహ్నం అన్నం సగంలో వదిలేసి, కారు ముందు గొంతుక్కూర్చుని దాని మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు.

"పుట్టింట్లో తిని తిరుగుతూ, అత్తారింటికి పొమ్మంటే కడుపునొప్పి అనే కోడల్లా ఉంది నీ కారు," అంది పిన్ని మిషను ఆపి.

"ఎగతాళి చాలు."

"ఎగతాళి కాదయ్యా. కోడలికి కడుపునొప్పొస్తే కోడల్ని చూస్తే సరిపోదు, ఆ ఇంట్లో ఏం జరుగుతోందో చూడాలి. లే, నన్ను చూడనియ్."

మాస్టారు ఎలాగూ డ్రైవరు సీటు కుట్టు ఊడిందని చెప్పి ఉన్నాడు. పిన్ని టేపు చేత్తో పట్టుకుని సీటులోకి వంగింది. అటు నొక్కింది, ఇటు నొక్కింది. సీటు కింద పట్టాలు చూసింది. అరచేత్తో సీటు తుడిచి, ఆ అరచేతిని వెలుతురులో పెట్టుకుంది.

"ఈ సీట్లో మాస్టారొక్కడే కూర్చోవడం లేదు," అంది. "ఆయన కాళ్ళకి సీటు చివరంటా వెనక్కి ఉండాలి. ఈ పట్టా ముందువైపు చూడు, సీటు జరిపీ జరిపీ ఇనుము తళతళలాడుతోంది. కూర్చునే మనిషి పొట్టి. పైగా దిండేసుకుని కూర్చుంటారు. ఇదిగో దిండుగుడ్డ ఎర్ర నూలు."

బాబాయ్ ఆ నూలుపోగును వేళ్ళ మధ్య నలిపి చూశాడు. మాస్టారింట్లో ఉండేది ముగ్గురు. మాస్టారు, బ్యాంకులో పనిచేసే భార్య, మాస్టారి తల్లి. మాస్టారి భార్య కూడా మొగుడికి తగ్గ పొడగరే. సోమవారం దాకా షెడ్డులోనే ఉంచుకుని, కారు నడుస్తోంది కదా అని ఇంటికి పంపేశాడు గానీ, దాంతోపాటు ఆయన మనసూ ఆ ఇంటికే పోయింది.

మర్నాడు మంగళవారం. మాస్టారిది పొద్దుటి బడి, ఒంటిగంటకల్లా కారుతో ఇల్లు చేరి, కాస్త నడుం వాల్చి, మూడింటికి పక్కవీధిలో ట్యూషన్లకు నడిచి వెళ్తాడు. బ్యాంకు మనిషి ఇల్లు చేరేసరికి ఆరవుతుంది. ఇవన్నీ అడిగి తెలుసుకున్నవే. బాబాయ్ మూడున్నరకు వెళ్ళి తలుపు తట్టాడు. ఎవరూ పలకలేదు. ఇంటి పక్కన గ్యారేజీ షట్టరు దించి ఉంది. కానీ దాని అడుగున, మిట్టమధ్యాహ్నం దాటిన వేళ, తెల్లటి వెలుగు గీతలా బయటికొస్తోంది. లోపల ఇండికేటరు టిక్కుటిక్కుమంటోంది. మధ్యమధ్య గేరు రాడ్డు సర్దుకున్న చప్పుడు.

షట్టరు మీద మెల్లగా తట్టాడు. టిక్కుటిక్కు ఆగింది. వెలుగు ఆరిపోయింది.

"అమ్మగారూ, నేను, వైర్ల బాబాయ్‌ని," అన్నాడు. "హెడ్‌లైట్లు ఆర్పారు, సరే. తాళం కూడా వెనక్కి తిప్పండి. అది కూడా బ్యాటరీ తాగుతుంది."

చాలాసేపటికి షట్టరు మూరెడు లేచింది. వంగి లోపలికి వెళ్ళాడు. మాస్టారి తల్లి కారు పక్కన నిలబడి ఉంది. అరవై నాలుగేళ్ళ మనిషి, బాబాయ్ భుజం దాకా వస్తుందేమో. చంకలో ఎర్ర దిండు. దొంగతనం చేస్తూ దొరికిపోయినదానిలా మొహం కందిపోయింది.

"మా అబ్బాయికి చెప్పావా తమ్ముడూ?"

"చెప్పడానికి నాకే ఇంకా తెలీదు. మీరే చెప్పాలి."

ఆవిడ దిండును బానెట్ మీద పెట్టి, దాన్ని సర్దుతూ చెప్పింది. ఆవిడకు ఒక అక్క ఉంది. నలభై కిలోమీటర్ల అవతల, చెరువు దాటాక ఉన్న ఊళ్ళో కూతురి దగ్గర ఉంటోంది. ఆ అక్కకు కంటిచూపు రోజురోజుకూ తగ్గిపోతోంది. "నీ మొహం కనపడుతుండగానే ఒకసారి రావే" అని ఫోనులో అడిగింది. కొడుకు మంచివాడే. ఆదివారం వెళ్దాంలే అమ్మా అంటాడు. ఆదివారం వస్తుంది, పేపర్లు దిద్దాల్సొస్తుంది, ఇంకేదో వస్తుంది.

"వాణ్ణి తప్పుపట్టను. వాడి బతుకు వాడికుంది. కానీ నలభై ఏళ్ళు మా ఆయన పక్క సీట్లో కూర్చుని, తర్వాత వీడి పక్క సీట్లో కూర్చుని, దారులన్నీ నాకే తెలుసు. స్టీరింగు ఒక్కటే తెలీదు. నేర్చుకుంటానంటే నవ్వుతారు. అందుకని షట్టరు దించేసుకుంటాను. లోపల చీకటి, లైట్లు వేసుకుంటాను. ఇంజను మాత్రం ఎప్పుడూ స్టార్టు చేయలేదు. భయం."

"రోజుకెంతసేపు?"

"గంటన్నర. శనాదివారాలు వీలుపడదు, అందరూ ఇంట్లోనే ఉంటారు."

బాబాయ్‌కి పుస్తకంలోని తారీఖులన్నీ ఒక్కసారిగా అతుక్కున్నాయి. ఇంజను ఆపి ఉండగా గంటన్నర హెడ్‌లైట్లు. బడి దూరం పది నిమిషాలు, ఆ పది నిమిషాల్లో బ్యాటరీ తిరిగి ఏం నిండుతుంది? సోమవారం తాగింది, మంగళవారం తాగింది, బుధవారం కారు చేతులెత్తేసింది. నెల రోజులుగా ఆయన నిద్ర చెడగొట్టిన జబ్బు ఇదన్నమాట. ఆయనకు కోపం రావాలి. రాలేదు. ఒక్కసారి కూడా కదలని కారులో కూర్చుని నాలుగు గేర్లూ నేర్చుకున్న మనిషిని చూడడం ఆయనకు అదే మొదలు.

"అమ్మగారూ, ఒడ్డున కూర్చుంటే ఈత రాదు," అన్నాడు చివరికి. "ఈ కారు ముట్టుకోకండి. రేపు మూడున్నరకి మా షెడ్డుకి రండి. నా పాత బండి ఉంది."

ఆ సాయంత్రం మాస్టారికి ఫోను చేసి, జబ్బు దొరికిందని, ఇక రాదని చెప్పాడు.

"ఏంటది?"

"నెల తర్వాత చెప్తాను."

"జబ్బు పేరు చెప్పని డాక్టరును మిమ్మల్నే చూస్తున్నాను బాబాయ్," అన్నాడు మాస్టారు. కానీ ఆ గురువారం కారు ఆగలేదు, ఆపై వారమూ ఆగలేదు. అందుకని ఊరుకున్నాడు.

మర్నాడు మూడున్నరకు ఐదు నిమిషాల ముందే పెద్దావిడ దిండుతో సహా షెడ్డుకు వచ్చింది. పిన్నిని చూసి, "తమ్ముడన్నాక నువ్వు నాకు మరదలివే," అంది. "అయితే వదినా, ఆ సీటుకు పట్టుకుపోయిన ఎర్ర నూలు మీదేనా?" అంది పిన్ని. ఇద్దరూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. గోదాముల వెనక లారీలు రాని ఖాళీ స్థలం ఒకటుంది. బాబాయ్ పాత కారు అక్కడికి తీసుకెళ్ళాడు. పిన్ని కూడా మిషను మీద గుడ్డ కప్పి వెనక సీట్లో ఎక్కింది.

అక్కడే వచ్చింది చిక్కు. వైర్ల బాబాయ్ ఎంత మంచి మెకానిక్కో అంత పనికిమాలిన గురువు. క్లచ్ సగంలో వదిలితే గేరు కరకరలాడుతుంది కదా, ఆ చప్పుడు వినగానే ఆయన సొంత పన్ను పీకినట్టు కళ్ళు మూసుకునేవాడు. బండి కుదుపుతో ఆగిపోయిన ప్రతిసారీ, "అమ్మగారూ, ఎంత నలిగిపోతోందో చూడండి," అనేవాడు. ఆరోసారి ఆగాక పెద్దావిడ చేతులు స్టీరింగు మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"వద్దులే తమ్ముడూ. ఈ వయసులో నాకెందుకొచ్చింది. పద, వెళ్ళిపోదాం."

బాబాయ్ డ్యాష్‌బోర్డు తుడుస్తున్నాడు. వెనక తలుపు తెరుచుకుంది. పిన్ని దిగి ముందుకొచ్చింది.

"ఏమయ్యా, నువ్వు దిగు. వదినా, మీరిటు పక్క సీట్లోకి జరగండి. ఒక్క రౌండు నా కాళ్ళనే చూస్తూ కూర్చోండి. చేతులు చూడొద్దు."

బాబాయ్ దిగాడు. ఎందుకు దిగాడో ఆయనకే తెలియదు. పిన్ని సీట్లో సర్దుకుని, అద్దం తిప్పుకుని, తాళం తిప్పింది. పాత కారు గొణక్కుండా లేచింది. కరకర లేదు, కుదుపు లేదు. స్థలం చుట్టూ ఒక చుట్టు తిరిగి, గోదాము గోడ పక్కన పేర్చిన పెట్టెల మధ్యకు వెనక్కి దూర్చి, మళ్ళీ బయటికి తెచ్చి, బాబాయ్ ముందు ఆపింది. ఆయన నోరు తెరిచి నిలబడ్డాడు. కళ్ళజోడు ముక్కు చివరికి జారినా పైకి తోసుకోలేదు.

"నీకెప్పుడొచ్చే ఇది?"

"నువ్వు సామాన్లకని బజారుకెళ్తే గంటలు గంటలు రావు. షెడ్డు ముందు అడ్డంగా నాలుగు కార్లు పెట్టి పోతావు. కస్టమర్లొచ్చి తియ్యమంటారు. ఎవరు తీస్తున్నారనుకున్నావు, నా కుట్టుమిషనా?"

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఇరవై ఏళ్ళు దాటింది. మొదట్లో రెండు బంపర్లు గీరాను. అవి నువ్వే గీరావనుకుని నువ్వే రంగేసిచ్చావు."

చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినవాడి కథ ఆయన చాలామంది కస్టమర్లకు చెప్పి నవ్వించాడు. ఇప్పుడు పెద్దావిడ పక్క సీట్లో పడీపడీ నవ్వుతోంది. బాబాయ్‌కి కూడా నవ్వక తప్పలేదు. కానీ లోపల ఎక్కడో సిగ్గేసింది. ప్రతి కస్టమరునీ నిన్న ఏం చేశారని అడుగుతాడు. ఇరవై ఏళ్ళలో ఆ ప్రశ్న పెళ్ళాన్ని ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ రోజు నుంచి గురువు మారిపోయింది. పిన్నికి పెడలు మీద కాలు ఎంత నొక్కాలో, ఎంత వదలాలో కుట్టుమిషను నేర్పింది. పిన్ని ఆ మాటల్లోనే పెద్దావిడకు నేర్పింది. "కుట్టు మొదలెట్టేటప్పుడు చక్రాన్ని చేత్తో పట్టుకుని నెమ్మదిగా వదులుతాం కదా వదినా, క్లచ్ కూడా అంతే. దారం తెగకూడదు." ఆవిడకు అది ఇట్టే ఎక్కింది. బాబాయ్ ఉద్యోగం ఇప్పుడు దూరంగా నిలబడి పెట్టెలు పేర్చడం, పడిపోతే మళ్ళీ పేర్చడం. గేరు చప్పుడు వినపడకుండా చెవుల్లో దూది పెట్టుకోమని పిన్ని సలహా ఇచ్చింది. ఆయన నిజంగానే పెట్టుకున్నాడు.

ఐదు వారాలకు లైసెన్సు పరీక్ష. మొదటిసారి వెనక్కి తిప్పడంలో కడ్డీని తాకి పెద్దావిడ తప్పింది. ఆ రోజు షెడ్డుకు వచ్చి కూలబడితే పిన్ని ఒక రెగ్జిన్ ముక్క చేతికిచ్చి అంచు కుట్టమంది. కుడుతూ కుడుతూ ఆవిడే తేరుకుంది. పది రోజులకు రెండోసారి వెళ్ళి గట్టెక్కింది.

కొడుకుకు ఆవిడే చెప్పింది. భోజనాల బల్ల మీద కంచం పక్కన లైసెన్సు పెట్టింది. మాస్టారు దాన్ని తిప్పి తిప్పి చూసి, చెయ్యి కడుక్కుని, నేరుగా షెడ్డుకు నడిచి వచ్చాడు. మొహం గంటు పెట్టుకుని ఉన్నాడు.

"ఇదా బాబాయ్ జబ్బు? నా దగ్గర దాచారు."

"దాచాను మాస్టారూ. బండి సంగతైతే ఒక్క రోజు కూడా దాచేవాణ్ణి కాదు. ఇది అమ్మగారి సంగతి. ఆవిడే చెప్పాలనుకున్నాను."

"నన్ను అడిగితే నేను నేర్పనా?"

పిన్ని మిషను ఆపింది.

"నేర్పేవారే. ఆదివారం చూద్దాంలే అమ్మా అని కూడా అనేవారు," అంది మెత్తగానే.

మాస్టారు ఈసారి ఎవరూ చెప్పకుండానే స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "మొత్తం చెప్పండి, మొదట్నుంచీ," అన్నాడు. చెప్పారు. బంపర్ల సంగతి దగ్గర ఆయనకూ నవ్వొచ్చింది. షట్టరు దించుకుని హెడ్‌లైట్ల వెలుగులో ఒక్కతే కూర్చునేదని విన్నప్పుడు మాత్రం లేచి, షెడ్డు గుమ్మం దాకా వెళ్ళి, రోడ్డు చూస్తూ నిలబడ్డాడు.

ఆ ఆదివారం తల్లి నడిపింది, కొడుకు పక్కన కూర్చున్నాడు. నలభై కిలోమీటర్లకు రెండు గంటలు పట్టింది. చెరువు గట్టు మీద వెనక లారీవాడు హారను మోగిస్తే ఆవిడ తొణకలేదట, మాస్టారే చేతులు బిగించుకున్నాడట. అక్క గుమ్మంలోకి వచ్చి కారు చప్పుడు విని, "అబ్బాయ్, మీ అమ్మేదిరా?" అంది. "డ్రైవరు సీట్లో ఉంది పెద్దమ్మా," అన్నాడు. ఆవిడ నమ్మలేదు. కారు తలుపు తడుముకుంటూ వచ్చి, స్టీరింగు మీద ఉన్న చెల్లెలి చేతులు పట్టుకుని, మొహం బాగా దగ్గరికి తెచ్చి చూసింది. ఇంకా కనపడుతోంది. "పొగరుబోతుదానా," అని బుగ్గ మీద ఒకటేసి ఏడ్చింది.

ఈ ముచ్చటంతా పెద్దావిడే సోమవారం షెడ్డుకు వచ్చి చెప్పింది. ఇప్పుడు పదిహేను రోజులకొకసారి ఒక్కతే వెళ్ళొస్తోంది. దూరం నడవడంతో కారుకు కూడా ఒళ్ళొచ్చింది.

బాబాయ్ ఒక పని చేశాడు. పిన్ని చేత కూడా లైసెన్సుకు దరఖాస్తు పెట్టించాడు. ఫారం నింపుతూ, "నడపడం ఎంతకాలంగా వచ్చు అని అడుగుతున్నారు, ఏం రాయను?" అన్నాడు. "రాదని రాయి. ఉన్నది ఉన్నట్టు రాస్తే ఇరవై ఏళ్ళూ లైసెన్సు లేకుండా ఎందుకు నడిపావంటారు," అంది పిన్ని సూదిలోకి దారం ఎక్కిస్తూ. ఆయన పెన్ను పట్టుకుని కాసేపు ఆలోచించి, ఆవిడ చెప్పినట్టే రాశాడు.